చిన్న ఊరి నిశ్శబ్దం: ఖిలా వరంగల్ నుంచి నాలుగు రచనల పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు
1. చిన్న ఊరి జీవితాన్ని చిత్రించే రచనలో ‘ఈ ఊరు నిశ్శబ్దంగా ఉంది’ అనే అభిప్రాయం ఎవరిదో గుర్తించగలుగుతారు.
2. బాటసారి, కొత్తగా వచ్చినవారు, ఊరు విడిచినవారు, ఊళ్లోనే ఉండిపోయినవారు ఒకే ఊరిని ఎలా వేరువేరుగా వింటారో వివరించగలుగుతారు.
3. ఈ దృష్టితో క్రీడాభిరామం, మెయిన్ స్ట్రీట్, అమరావతి కథలు, నా గొడవ అనే రచనలను పోల్చి విమర్శించగలుగుతారు.

1. పరిచయం

చిన్న ఊరిని గురించిన కథ, నవల, కావ్యం ఏది తీసుకున్నా ‘ఊరు ప్రశాంతంగా ఉంది’ అనే మాట ఏదో ఒక రూపంలో కనబడుతుంది. దానిని మనం వర్ణనగా చదివి ముందుకు పోతాం. ఎండ కాస్తోంది, గాలి వీస్తోంది అన్నట్లే రచయిత ఈ మాట కూడా చెప్పాడనుకొంటాం. ఈ పాఠంలో ప్రతిపాదిస్తున్న విషయం వేరు. ఎండ అందరికీ ఒకటే. నిశ్శబ్దం అలా కాదు. పట్నం నుంచి వచ్చినవారికి నిశ్శబ్దంగా తోచిన వీధి, మారుమూల పల్లె నుంచి వచ్చినవారికి సందడిగా తోచవచ్చు. అందువల్ల ‘ఊరు నిశ్శబ్దంగా ఉంది’ అనేది ఒక తీర్పు. తీర్పు ఇచ్చినవారెవరు, వారు ఆ ఊళ్లో ఎంతకాలం ఉన్నారు, అక్కడ ఏ పని చేసుకొని బతికారు అని అడగడం విమర్శకుడి పని.

ఈ పరిశీలనకు ఖిలా వరంగల్‌ను ఆధారంగా తీసుకొంటున్నాం. ఒకప్పుడు రాజధానిగా హోరెత్తిన స్థలమే తరువాత గోడల మధ్య ఒదిగిన చిన్న ఊరుగా మిగిలింది. ఒకే నేలమీద చప్పుడూ నిశ్శబ్దమూ రెండింటినీ చూడగల అవకాశం ఇక్కడ ఉంది.

2. రాజధాని చిన్న ఊరైన క్రమం

కాకతీయుల రాజధాని హనుమకొండ నుంచి ఓరుగల్లుకు మారింది. గణపతిదేవుడు (1199-1262) మొదలుపెట్టిన కోట నిర్మాణాన్ని రుద్రమదేవి (1262-1289) కొనసాగించి పటిష్ఠం చేసింది. వెలుపల మట్టికోట, లోపల రాతికోట, వాటి చుట్టూ కందకాలు, నడుమ స్వయంభూ శివాలయం, ఆలయానికి నాలుగు దిక్కులా కీర్తి తోరణాలు. ప్రతాపరుద్రుని పాలన 1323లో ఢిల్లీ సైన్యం చేతిలో ముగిసింది. పట్టణానికి సుల్తాన్‌పూర్ అనే పేరు పెట్టారు. తరువాత ముసునూరి కాపయ నాయకుడు కొంతకాలం దానిని విడిపించి పాలించాడు. 16వ శతాబ్ది ఆరంభంలో షితాబ్‌ఖాన్ ఏలుబడి జరిగింది. తోరణాలకు దగ్గరలోని ఖుష్ మహల్‌ను చాలామంది అతని పేరుతో ముడిపెడతారు.

పాలన మారినకొద్దీ రాజధాని ఠీవి తగ్గింది గాని మనుషులు వెళ్లిపోలేదు. నేటికీ రెండు కోటగోడల నడుమ ఇళ్లున్నాయి, పొలాలున్నాయి. ఏకశిల గుట్ట కింద ఎవరి పని వారు చేసుకొంటున్నారు. వరంగల్ రైల్వే స్టేషన్, శివనగర్, రంగశాయిపేట, కరీమాబాద్ అన్నీ ఎంతో దూరంలో లేవు. మిర్చి, పత్తి అమ్ముకోవడానికి ఎనుమాముల మార్కెట్ ఉంది. ఖిలా వరంగల్ ఇప్పుడు మహానగరపాలక సంస్థలో భాగం. 2016లో మండలం కూడా అయింది. అయినా కోట ద్వారం దాటి లోపలికి వచ్చిన సందర్శకుడు మొదట అనే మాట ‘ఎంత ప్రశాంతంగా ఉంది’ అనే. అతను తోరణాలు చూసి, ఫొటోలు దిగి, సాయంత్రం ధ్వని-కాంతి ప్రదర్శన చూసి వెళ్తాడు. ఆ ప్రదర్శనలో కోట మాట్లాడుతుంది. కోటలో ఉంటున్నవారు మాట్లాడరు.

ఇక్కడ గమనించవలసిన మరొక విషయం ఉంది. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, కేంద్ర రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి తీసుకొని కట్టుకోవాలి. శిల్పాలను కాపాడటానికి ఇలాంటి నియమం అవసరమే. కాని కొడుకు పెళ్లయితే మరో గది వేసుకోవాలనుకొనే కుటుంబానికి ఈ నియమం రోజువారీ జీవితంలో భాగం. సందర్శకుడు మెచ్చుకొనే ప్రశాంతతలో కొంత ఇలా కట్టకుండా ఆగిన గోడల వల్ల కూడా వచ్చింది. తెలంగాణ రాజచిహ్నంలో తోరణం ఉంది. ఆ తోరణం పక్కన బతికేవారి ఇంటి గుమ్మం ఏ రచనలో ఉంది? ఈ ప్రశ్నను మనసులో పెట్టుకొని రచనల్లోకి వెళ్దాం.

3. క్రీడాభిరామం: ఒక్కరోజు విన్న ఓరుగల్లు

వినుకొండ వల్లభరాయుని పేరుతో ప్రసిద్ధమైన క్రీడాభిరామం తెలుగులో మనకు దక్కిన పాత వీథి రూపకం. కర్తృత్వం విషయంలో పండితుల్లో భేదాభిప్రాయాలున్నాయి. శ్రీనాథునిదని భావించినవారూ ఉన్నారు. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత రచన ‘ప్రేమాభిరామం’ దీనికి మూలం. ఆ మూలం మనకు దొరకలేదు. మానవల్లి రామకృష్ణకవి ఈ కృతిని వెలుగులోకి తెచ్చారు. వేటూరి ప్రభాకరశాస్త్రి విపులమైన పీఠికతో పరిష్కరించారు.

గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధుల్లో ఒకరోజంతా తిరుగుతారు. అంగళ్లు, పూటకూటి ఇల్లు, ఏకవీరాదేవి గుడి, పల్నాటి వీరుల కథ పాడే ఆటపాటలు, కోడిపందేలు, వేశ్యవాడ, మాచల్దేవి ఇల్లు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. ఆనాటి తిండి, వేషం, వినోదం, కొలుపులు తెలుసుకోవడానికి చరిత్రకారులు ఈ కృతినే మళ్లీ మళ్లీ ఆశ్రయిస్తారు. సాంఘిక చరిత్రకు ఇది పెద్ద గని అనడంలో సందేహం లేదు.

విమర్శకులుగా మనం రెండు విషయాలు అదనంగా గమనించాలి. మొదటిది కాలం. వల్లభరాయుణ్ణి పండితులు సాధారణంగా 15వ శతాబ్ది ప్రారంభ ప్రాంతానికి చెందినవాడిగా భావిస్తారు. అంటే కాకతీయ రాజ్యం పోయిన కొన్ని తరాల తరువాత. మనం తెలుగులో వింటున్న ఓరుగల్లు సందడి, ఆ సందడి అణగిన తరువాత తెలుగులోకి వచ్చింది. జ్ఞాపకంలో ఊరు ఎప్పుడూ కాస్త ఎక్కువ చప్పుడుగానే ఉంటుంది. పనీపాటా లేని మధ్యాహ్నాలు జ్ఞాపకంలో నిలవవు.

రెండవది పాత్రల స్థితి. మంచనశర్మ, టిట్టిభసెట్టి వినోదం కోసం తిరిగేవారు. వారికి ఆ రోజు ఊళ్లో చేయవలసిన పని ఏదీ లేదు. పూటకూటి ఇంట్లో భోజనం ఎంత రుచిగా ఉందో వారు చెబుతారు. తెల్లవారకముందే ఆ పొయ్యి వెలిగించినవారి అలసట వారికి పట్టదు. వీధిలో ఎదురైన స్త్రీల రూపాన్ని వర్ణించినంత విస్తారంగా వారి మాటను వినిపించరు. ఇది కవి లోపమని అనడం కంటే, బాటసారి దృష్టికి ఉన్న హద్దు అనడం సమంజసం. బాటసారికి ఊరు ప్రదర్శనగా కనబడుతుంది. ఆనాటి బాటసారికి అది సందడి ప్రదర్శన, నేటి సందర్శకుడికి నిశ్శబ్ద ప్రదర్శన. చూసే తీరు మాత్రం రెండు సందర్భాల్లోనూ ఒక్కటే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి
(అ) ‘నిశ్శబ్దం ఒక తీర్పు’ అనే ప్రతిపాదనను మీ మాటల్లో రాయండి.
(ఆ) క్రీడాభిరామంలోని ఓరుగల్లు వర్ణనకు ఉన్న రెండు పరిమితులు ఏవి?

4. మెయిన్ స్ట్రీట్: ఒకే వీధి, ఇద్దరు స్త్రీలు

చిన్న ఊరిని గురించిన చర్చ తెలుగుకు మాత్రమే పరిమితమైంది కాదు. అమెరికాలో పల్లెసీమల నడుమ ఉండే చిన్న పట్టణం ఆ దేశ సాహిత్యంలో ఒక ముఖ్య వస్తువు. మన పిల్లలు చదువుకో ఉద్యోగానికో వెళ్లి అలాంటి చోట్ల ఉంటున్నారు కాబట్టి ఆ జీవితం మనకూ పరాయిది కాదు. దానిని నిశితంగా చిత్రించిన నవల సింక్లెయిర్ లూయిస్ రాసిన ‘మెయిన్ స్ట్రీట్’ (1920). లూయిస్ 1885లో మిన్నెసోటా రాష్ట్రంలోని సాక్ సెంటర్ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. 1930లో నోబెల్ సాహిత్య బహుమతి పొందాడు. ఆ బహుమతి అందుకొన్న మొదటి అమెరికన్ రచయిత అతనే.

నవలలో కారల్ అనే చదువుకొన్న యువతి సెయింట్ పాల్ నగరంలో గ్రంథాలయ ఉద్యోగం మాని, డాక్టర్ కెన్నికాట్‌ను పెళ్లాడి గోఫర్ ప్రెయరీ అనే చిన్న పట్టణానికి వస్తుంది. ఊరు చూద్దామని బయలుదేరి ముప్పై రెండు నిమిషాల్లో ఊరంతా తిరిగేస్తుంది. ఆమెకు అంతా బోసిగా, మురికిగా, ప్రాణం లేనట్టుగా తోస్తుంది. లూయిస్ ఇక్కడ ఆగిపోయి ఉంటే ఇది పట్నవాసి విసుగు మాత్రమే అయ్యేది. కాని అతను అదే రోజు, అదే వీధిలో మరొకరిని నడిపించాడు. ఆమె బీ సోరెన్సన్. పొలం పనుల ఒంటరితనంతో విసిగి ఇంటిపని వెతుక్కొంటూ వచ్చిన స్వీడిష్ రైతుబిడ్డ. కారల్ చూసిన దుకాణాలనే ఆమె చూస్తుంది. ఇంత పెద్ద ఊరా, ఇన్ని దీపాలా, ఇంతమంది జనమా అని సంబరపడుతుంది. ఊళ్లోనే ఉండిపోవాలని నిశ్చయించుకొంటుంది. మన ప్రతిపాదనకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

తరువాతి కథలో కారల్ ఊరిని సంస్కరించాలని ప్రయత్నిస్తుంది. విందులు, నాటకం, గ్రంథాలయం, కొత్త భవనాల ఆలోచనలు ఒక్కొక్కటే నీరుగారిపోతాయి. ఈ ప్రయత్నాల మధ్య ఆమె నేర్చుకొనే సత్యం ముఖ్యమైనది. తాను ఏమి కొన్నదీ, ఎవరితో మాట్లాడిందీ, ఇంట్లో కుర్చీలు ఎలా అమర్చిందీ ఊరందరికీ తెలుసు. చప్పుడు తక్కువైన ఊళ్లో చెవులు ఎక్కువ పనిచేస్తాయి. ఒక యువ ఉపాధ్యాయిని మీద పుట్టిన పుకారు ఆమెను ఉద్యోగం నుంచి, ఊరి నుంచి కూడా వెళ్లగొడుతుంది. ఎవరూ గొంతెత్తి అరవలేదు. గుసగుసలే సరిపోయాయి. తెలుగు పల్లెలో అరుగుల మీద కూర్చొనే మాటలు తెలిసినవారికి ఈ ఘట్టం కొత్తగా అనిపించదు.

కారల్ విసిగి వాషింగ్టన్ వెళ్లి, కొంతకాలం ఉద్యోగం చేసి, మళ్లీ ఊరికే తిరిగి వస్తుంది. బీ ఏమైంది? ఆమె కారల్ ఇంట్లో పనిచేసి, పెళ్లి చేసుకొని, బిడ్డను కని, ఊరి పెద్ద కుటుంబాల ఆదరణకు నోచుకోకుండా టైఫాయిడ్‌తో మరణిస్తుంది. బిడ్డ కూడా దక్కడు. ఊరిని ప్రేమించినామె ఊళ్లో నిలవలేకపోయింది. ఊరిని నిందించినామెకు వెళ్లి రావడానికి స్తోమత ఉంది. నవలలోని అసలు విషాదం ఇదే. అయితే నవలలో అధికభాగం కారల్ మనసులోనే నడుస్తుంది. బీ చూపు మనకు కొన్ని పుటలు మాత్రమే దొరుకుతుంది. లూయిస్ సరైన ప్రశ్న వేశాడు. సమాధానం చెప్పే అవకాశం మాత్రం ఎక్కువగా చదువుకొన్న పాత్రకే ఇచ్చాడు.

5. అమరావతి కథలు: ఊరు విడిచినవారి ప్రేమ

ఖిలా వరంగల్‌కు తెలుగునేల మీద సరితూగే ఊరు అమరావతి. శాతవాహనుల ధాన్యకటకం పక్కన, కృష్ణ ఒడ్డున, అమరేశ్వరుని గుడి చుట్టూ మిగిలిన చిన్న ఊరు అది. అక్కడ పుట్టిన సత్యం శంకరమంచి ఆకాశవాణిలో పనిచేస్తూ నూరు ‘అమరావతి కథలు’ రాశారు. అవి బాపు బొమ్మలతో ఆంధ్రజ్యోతి వారపత్రికలో వచ్చాయి. ఆ సంపుటికి 1979లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. శ్యామ్ బెనెగల్ వాటిని దూరదర్శన్ కోసం హిందీలో తెరకెక్కించారు.

ఈ కథల్లో రాజధాని వైభవం నేపథ్యంగా మాత్రమే ఉంటుంది. కథానాయకులు పడవవాళ్లు, పూజారులు, చిన్న వ్యాపారులు, ముసలివాళ్లు. రెండు మూడు పుటల్లో ఒక జీవితం తేలుతుంది. చిన్న ఊళ్లో ‘ఏమీ జరగదు’ అనేవారికి ఈ నూరు కథలే జవాబు. మొదటి కథ ‘వరద’లో కృష్ణ పొంగి ఇళ్లను ముంచుతుంది. ఆపద వేళ కులాల అడ్డుగోడలు కూడా కూలినట్టు కనబడతాయి. నీరు తీయగానే అవి మళ్లీ లేస్తాయి. ఆ ఊరి ప్రశాంతత దేని మీద నిలిచిందో ఈ ఒక్క కథ బయటపెడుతుంది. ఎవరి చోట్లో వారు ఉన్నంతకాలమే ఊరు నిశ్శబ్దంగా ఉంటుంది.

ఈ సంపుటికి ఒక పరిమితి కూడా ఉంది. ‘వరద’లోని పదును అన్ని కథల్లోనూ ఉండదు. చాలాచోట్ల నది, గుడిగంట, సాయంకాలం వచ్చి బాధను సర్దుబాటు చేస్తాయి. ఊరు విడిచి దూరంగా ఉన్నవారి జ్ఞాపకంలో దుఃఖం కూడా తీపి పూత పూసుకొంటుంది. ఇది కపటం కాదు, ప్రేమ. కాని ఆ ప్రేమ ఊళ్లోనే ఉండిపోయినవారి కోపాన్ని వినిపించలేదు.

6. నా గొడవ: ఉండిపోయినవారి గొంతు

ఉండిపోయినవారి గొంతు ఎక్కడ ఉంది? దానికి మళ్లీ ఓరుగల్లుకే రావాలి. కాళోజీ నారాయణరావు (1914-2002) వరంగల్ ప్రాంతాన్నే తన జీవితక్షేత్రంగా చేసుకొన్నారు. తన కవితలకు ఆయన పెట్టుకొన్న పేరు ‘నా గొడవ’. తెలుగులో ‘గొడవ’ అంటే చప్పుడు, తగాదా. ‘నీ గొడవేమిటి’ అని అడిగినప్పుడు అది మనిషి లోపల మెదిలే బాధ, సంగతి కూడా. నిశ్శబ్దానికి నిజమైన వ్యతిరేకపదం శబ్దం కాదు, గొడవ అని ఈ పేరు మనకు చెబుతుంది. ఊరేగింపు డప్పు ఎంత మోగినా ఊరి సంగతి బయటకు రాకపోవచ్చు. ఒక్క మనిషి ‘ఇదేమి న్యాయం’ అని అడిగితే వస్తుంది.

ఈ గొడవకు కోటతో నేరుగా సంబంధం ఉంది. 1940వ దశకం మధ్యలో ఆంధ్ర సారస్వత పరిషత్తు మహాసభలు ఈ కోటలోనే జరిగాయి. రజాకార్లు పందిళ్లు తగలబెట్టినా సభలు ఆగలేదు. వాటి నిర్వహణలో కాళోజీ చొరవ చూపారు. 1946 ఆగస్టులో కోటలో జెండా ఎగరవేసిన సందర్భంలో జరిగిన దాడిలో బత్తిని మొగిలయ్య హతులయ్యారు. కోటలో జాతీయ జెండా కోసం ప్రయత్నించినందుకు కాళోజీ నగర బహిష్కరణ శిక్ష అనుభవించారు. నేడు సందర్శకుడు ప్రశాంతమని మెచ్చుకొనే స్థలం ఇదే. ఇక్కడి మౌనం కింద కవిత్వమూ ఉంది, నెత్తురూ ఉంది.

కళాదృష్టితో చూస్తే ‘నా గొడవ’లో అన్ని కవితలూ ఒకే స్థాయిలో లేవు. కొన్ని అప్పటికప్పుడు అన్న మాటల్లా ఉంటాయి. సందర్భం తెలియనివారికి వాటి బలం అందదు. చిత్రణలో క్రీడాభిరామం సంపద, కథనంలో అమరావతి కథల ఒడుపు వాటిలో వెతకకూడదు. వాటి బలం మరోచోట ఉంది. ఊళ్లోవారు మాట్లాడుకొనే భాషలో, ఊళ్లోవారికే జవాబుదారీగా ఉండి రాసిన కవిత్వం అది. రాసినవాడు రేపు ఉదయం అదే వీధిలో నడవాలి. తాను ప్రశ్నించిన మనిషికే ఎదురుపడాలి. బాటసారికి గాని, వలస వెళ్లినవారికి గాని లేని బాధ్యత ఇది.

7. సారాంశం

చిన్న ఊరి జీవితాన్ని చిత్రించిన రచనను పరిశీలించేటప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ఊరిని వింటున్నది ఎవరు? వారు అక్కడ ఎంతకాలం ఉన్నారు? అక్కడ ఏ పని చేశారు? ఊరి మౌనంలో ఎవరి మాట అణగి ఉంది? ఈ ప్రశ్నలతో చూస్తే క్రీడాభిరామం బాటసారి వినికిడి, మెయిన్ స్ట్రీట్ ప్రధానంగా కొత్తగా వచ్చినవారి వినికిడి, అమరావతి కథలు ఊరు విడిచినవారి వినికిడి, నా గొడవ ఉండిపోయినవారి గొంతు అని తేలుతుంది. ఏ ఒక్కటీ మిగతావాటికి ప్రత్యామ్నాయం కాదు. కాని నాలుగవ రకం రచనలు మనకు తక్కువ. కోటలో ఉండే గృహిణి, పొలం చేసే రైతు, తోరణాల దగ్గర బండి పెట్టుకొన్న చిరువ్యాపారి తమ ఊరి మీద తామే రాసిన పుస్తకం కోసం మనం ఇంకా ఎదురుచూడాలి.

చివరగా ఒక మాట. సాహిత్యంలో చిన్న ఊరి యువకుడు సాధారణంగా చదువు కోసం ఊరు విడుస్తాడు. ఆ వెళ్లడంతోనే అతనికి కథ చెప్పే అర్హత వచ్చినట్టు కనబడుతుంది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లో ఏర్పడటంతో ఈ క్రమం కొంత మారింది. పొలం పని, ఇంటి పని, చిన్న ఉద్యోగం వదలకుండా, ఊరు కదలకుండా మీరు డిగ్రీ చదువుతున్నారు. ఊళ్లో ఉంటూనే ఊరిని పరిశీలించే శిక్షణ మీకు దొరుకుతోంది. బీ సోరెన్సన్‌కు దొరకనిది ఇదే. మీ ఊరు నిశ్శబ్దంగా ఉందని ఎవరైనా అన్నప్పుడు, ఆ మాటను అంగీకరించే ముందు మీరు విన్నదేమిటో ఒకసారి కాగితం మీద పెట్టండి.

నమూనా పరీక్షా ప్రశ్నలు
1. ఒకే వీధిని కారల్, బీ సోరెన్సన్ చూసిన తీరులోని భేదాన్ని వివరించి, దాని నుంచి తేలే విమర్శ సూత్రాన్ని చర్చించండి.
2. అమరావతి కథలు, నా గొడవ - ఈ రెండింటిలో రచయితకూ ఊరికీ గల సంబంధాన్ని పోల్చండి.
3. మీ ఊళ్లో తెల్లవారుజాము నుంచి రాత్రి వరకు వినిపించే చప్పుళ్లను ఒక పుటలో రాయండి. ప్రతి చప్పుడు వెనుక ఎవరి పని ఉందో గుర్తించండి.